ఓదార్పు ఉత్తరంలో తగాదా

టొరంటోలో మొదటి సెమిస్టర్ ఇంకా ఊపందుకోకముందే మా ప్రొఫెసర్ నన్ను తన గదికి పిలిచి, కుర్చీ చూపించి, చాలా మర్యాదగా ఒక సలహా ఇచ్చారు. ఉత్తరాల మీద సెమినార్ అది. చరిత్రలో ఎవరివైనా సరే, ఇద్దరు మనుషుల మధ్య నడిచిన ఉత్తరాలు తీసుకుని, ఏడాది పొడుగునా వాటి మీద పనిచేసి, చివర్లో అందరి ముందూ ఒక పేపర్ చదవాలి. అమెరికా రెండో అధ్యక్షుడి భార్యకీ మూడో అధ్యక్షుడికీ మధ్య నడిచిన కాసిని ఉత్తరాలు నేను ఎంచుకున్నాను.

"ఇవి చాలామంది చదివి చదివి నలిగిపోయిన ఉత్తరాలు. నువ్వు మద్రాసు వైపు నుంచి వచ్చావు కదా. కంపెనీ కాలం కలెక్టర్ల ఉత్తరాలు బోలెడు ఉంటాయి. నీకు దగ్గరగా ఉండేది ఏదైనా తీసుకోవచ్చు కదా," అన్నారావిడ.

ఆవిడ మంచి మనిషి. నా మేలు కోరే అన్నారు. అందుకే ఆ మాట ఇంకాస్త లోపలికి దిగింది.

నేను కాలేజీ పిల్ల వయసులో రాలేదు. బాపట్లలో జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పి, ముప్పై దాటాక వచ్చాను. నెమ్మదిగానే చెప్పాను.

"కలెక్టర్ల ఉత్తరాల్లో మావాళ్ళు లేరు. జమీందార్ల ఉత్తరాల్లోనూ లేరు. మాది ఊరి చివర పేట. మాకెవరూ ఉత్తరాలు రాయలేదు, మేమూ ఎవరికీ రాయలేదు. మా తాతమ్మ బాప్తిస్మం పుచ్చుకుని మిషన్ బడికి వెళ్ళాకే మా ఇంట్లోకి అక్షరం వచ్చింది. బీరువాల్లో భద్రంగా దాచిన ఉత్తరాలు ఏ దేశంవైనా నాకు ఒకే దూరం. అలాంటప్పుడు నాకు నచ్చినవే చదువుకుంటాను."

ఆవిడ ఏదో అనబోయారు. నేను ఆగలేదు.

"మా క్లాసులో ఒట్టావా అబ్బాయి మొగల్ దర్బారు ఉత్తరాలు తీసుకున్నాడు. నీకు దగ్గరగా ఉండేది తీసుకోమని అతన్ని పిలిచి అడిగారా?"

అడగలేదని ఆవిడ ముఖమే చెప్పింది. "సరే. అయితే బాగా చెయ్యాలి," అన్నారు.

"అందుకేనండీ ఇంత దూరం వచ్చింది," అన్నాను.

ఆ ఉత్తరాల సంగతి చెప్పాలి. ఆ రెండో అధ్యక్షుడూ మూడో అధ్యక్షుడూ ఒకప్పుడు ప్రాణస్నేహితులు. రాజకీయాల్లో విడిపోయారు. ఎన్నికల్లో మూడో ఆయన రెండో ఆయన్ని ఓడించాడు. కొత్తాయన ప్రమాణస్వీకారం నాడు పాతాయన తెల్లారకుండానే ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఈలోగా మూడో ఆయన కూతురు చనిపోయింది. ఆ కూతురు చిన్నపిల్లగా ఉన్నప్పుడు కొన్నాళ్ళు లండన్‌లో రెండో ఆయన భార్య దగ్గరే ఉంది. ఆవిడకి ఆ పిల్లంటే ప్రేమ. మొగుడికి చెప్పకుండా, ఆ తండ్రికి ఓదార్పు ఉత్తరం రాసింది. ఆయన కృతజ్ఞతతో జవాబు రాస్తూ, మీ ఆయన చేసినవాటిల్లో ఒక్క పని మాత్రం నన్ను నొప్పించింది అని ఒక ముక్క కలిపాడు. అంతే. ఆవిడ ఊరుకోలేదు. నువ్వు మాకు చేసినవి ఇవీ అంటూ ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ తిరిగి రాసింది. ఆయనా రాశాడు, ఆవిడా రాసింది. చివరికి ఇక చాలని ఆవిడే ఆపేసింది. ఏడుపూ నిజమే, కోపమూ నిజమే. ఒకదాని కోసం రెండోదాన్ని దాచిపెట్టలేదు. నాకు ఆ ఆడమనిషి నచ్చింది.

నేను అద్దెకున్నది టొరంటో పక్క ఊరు మిల్టన్‌లో ఒక కొత్త టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో. కాలేజీల్లో చేరడానికి మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులు. ఎక్కడా గది దొరికేది కాదు. నాతో పాటు ఇంకొందరు అమ్మాయిలు ఉండేవారు. వాళ్ళలో నిజామాబాద్ నుంచి వచ్చిన ఒకమ్మాయి నాకు బాగా దగ్గరైంది. నన్ను అక్కా అనేది. మాకు వేరే వంటగది, వేరే వాకిలి ఉన్నాయి. ఇంటాయనది కరీంనగర్. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ గ్రీన్‌కార్డ్ క్యూలో నిలబడి నిలబడి విసుగొచ్చి కెనడా వచ్చేసిన మనిషి. వరసకి అన్నయ్య గారూ అనాల్సిన వయసే గానీ, పిల్లలంతా అంకుల్ అంటుంటే నా నోటికీ అదే వచ్చింది.

చేరిన రోజున అంకుల్ నా ఇంటిపేరు అడిగారు. చెప్పాను. ఊరు అడిగారు. చెప్పాను. ఊళ్ళో ఎక్కడ అన్నారు. "చర్చి పక్కన," అన్నాను. ఇంకేం అడగలేదు.

నేనేం చదువుతున్నానో తెలిసినప్పుడు మాత్రం ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "హిస్టరీయా! అదీ అమెరికా వాళ్ళ ఉత్తరాలా! హిస్టరీతోని పీఆర్ ఎట్ల వస్తదమ్మా, ఇక్కడ ఎట్ల ఉండనిస్తరు? ఏదన్న క్లౌడో, డేటానో చేసుకోరాదు?"

"వాళ్ళు రాసుకున్న చట్టాల క్యూలోనే కదా అంకుల్ మీరు అన్నేళ్ళు నిలబడ్డారు," అన్నాను. "వాళ్ళ సంగతి తెలిసినోళ్ళు మనలో ఒకరైనా ఉండొద్దా?"

ఆయన నవ్వు ఆగింది. అయినా మా మధ్య మాటలు బాగానే నడిచేవి, చలికాలం వచ్చేదాకా.

మా వీధిలో అలాంటి బేస్‌మెంట్లు చాలా ఉండేవి. కార్లు రోడ్డు మీదే ఆపుతున్నారనీ, చెత్త సంచులు తప్పుడు రోజున బయట పెడుతున్నారనీ, ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో దేవుడికే తెలియాలనీ ఇరుగుపొరుగు వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. కౌన్సిలర్ లైబ్రరీ హాల్లో మీటింగ్ పెడుతున్నట్టు తలుపులకి కాగితాలు అంటించారు. ఆ సాయంత్రం అంకుల్ కిందికి దిగి వచ్చారు. ఎప్పుడూ మెట్ల మీద నుంచే మాట్లాడే మనిషి, ఆ రోజు మా వంటగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఎవరన్న వచ్చి అడిగితే మీరంత మా చుట్టాలు అని చెప్పండి. రెంట్ గింట్ మాట ఎత్తకండి, టౌన్ల పర్మిషన్ తీసుకోలేదు. మీటింగ్‌కి అసలే పోవద్దు. అర్థమైందా?"

పిల్లలు తలలూపారు. వాళ్ళకి భయం. ఏదన్నా అయితే వీసా మీదికి వస్తుందేమోనని ప్రతిదానికీ భయపడే రోజులు అవి. నేను మాత్రం తల ఊపలేదు.

"ఏ వైపు చుట్టాలం అంకుల్?" అని అడిగాను.

"అంటే?"

"అడిగినవాళ్ళు ఏ వరస అంటే చెప్పాలి కదా. మీ నాన్నగారి వైపా, అమ్మగారి వైపా? మిమ్మల్ని చూస్తే ఆ మాట మీకే మింగుడుపడేలా లేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది మాటల ఆట కాదు. నా ఇల్లు పోతది," అన్నారు.

"ఇల్లు పోదు అంకుల్. ఆ కిటికీ పెద్దది చేయించండి, సరిపోతుంది. మంటలొస్తే అందులోంచి పిల్లి కూడా బయటికి దూకలేదు."

ఆ కిటికీ సంగతి నేను అంతకు ముందూ చెప్పాను. చలి మొదలయ్యేలోగా చూద్దాం అన్నారు. చలి వచ్చేసింది కూడా.

మీటింగ్‌కి వెళ్ళాను. నిజామాబాద్ అమ్మాయి కూడా వస్తానంది గానీ బస్టాప్ దాకా వచ్చి వెనక్కి తిరిగింది. "అక్కా, నాకు భయమైతుంది," అంది. వెళ్ళమన్నాను. భయపడటంలో తప్పేం లేదు.

హాలు నిండిపోయింది. ఒకాయన లేచి "వాళ్ళు" అన్నాడు. ఒకావిడ లేచి "వాళ్ళు" అంది. వాళ్ళు వంటలు చేస్తారట, ఆ వాసన గోడలకి పడుతుందట. వాళ్ళు గుంపులుగా నడుస్తారట. వాళ్ళ వల్ల స్కూళ్ళు నిండిపోతున్నాయట. మాలో ఎవరికీ పిల్లలు లేరు, స్కూళ్ళు మా వల్ల ఎలా నిండుతాయో నాకు అర్థం కాలేదు. మూడో వరసలో అంకుల్ కూర్చుని ఉన్నారు. ఆయన కూడా తల ఊపుతున్నారు. అది చూశాక కూర్చోలేకపోయాను.

మైక్ దగ్గరికి వెళ్ళి, నా పేరు చెప్పాను, వీధి పేరు చెప్పాను.

"మీరు ఇందాకటి నుంచి వాళ్ళు వాళ్ళు అంటున్నది నన్నే," అన్నాను. "నేను బేస్‌మెంట్‌లో ఉంటాను. అద్దె కడతాను. చెత్త ఏ రోజు పెట్టాలో మొదటి నెల తెలియలేదు, ఇప్పుడు తెలుసు. నా గురించి మాట్లాడుకోవాలంటే నేనిక్కడే ఉన్నాను, నాతోనే మాట్లాడండి. నేను అడిగేది ఒకటే. మమ్మల్ని వెళ్ళగొట్టే రూలు పెట్టకండి. మేముండే చోటు మనుషులు ఉండదగ్గట్టు చేయించే రూలు పెట్టండి. మా కిటికీలోంచి మనిషి బయటికి రాలేదు. దాన్ని వచ్చి చూడండి. చూసి, ఇంటాయనతో బాగుచేయించండి. మేం ఎక్కడికీ పోము."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో ఒకరిద్దరు తలలు దించుకున్నారు. కౌన్సిలర్ రాసుకున్నారు. మూడో వరసలోంచి అంకుల్ లేచి బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆయన మెట్ల మీద నిలబడి, "ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్," అన్నారు.

"చెయ్యను అంకుల్."

"నా ఇంట్ల నాకే ఎదురు మాట్లాడుతవా?"

"మీ ఇల్లే. కానీ అద్దెకిచ్చారు. ఇక్కడి పద్ధతి ప్రకారం నోటీస్ ఇవ్వండి, కారణం రాయండి. ఆ కారణం పెద్దమనుషుల ముందు నిలబడితే నేనే పెట్టె సర్దుకుంటాను. కిటికీ గురించి నోరు తెరిచింది అనేది కారణం కాదు."

ఆయన తలుపు దభాలున వేసి వెళ్ళిపోయారు. ఆ రోజే ఇంటి వాట్సాప్ గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు. వేడినీళ్ళు రావట్లేదంటే ఆ మాట నిజామాబాద్ అమ్మాయితో చెప్పించాల్సి వచ్చేది. పైనుంచి జవాబు కూడా ఆ అమ్మాయి ద్వారానే. మధ్యలో ఆ పిల్ల నలిగిపోయింది. "అక్కా, ఒక్క సారీ చెప్పరాదు? అందరం మంచిగ ఉంటం," అంది.

"దేనికి చెప్పాలి?" అన్నాను.

ఆ పిల్ల నవ్వేసింది.

ఆ మాటల్లేని రోజుల్లోనే నేను ఆ ఉత్తరాల మీద ఎక్కువ పనిచేశాను. పొద్దున ట్రైన్‌లో చదువుకునేదాన్ని. ఒక చోట చాలా రోజులు ఆగిపోయాను. మూడో అధ్యక్షుడి కూతురు చిన్నపిల్లగా ఓడలో లండన్ వచ్చినప్పుడు తోడుగా ఒక బానిస పిల్ల కూడా వచ్చింది. ఆ పిల్లకీ ఇంకా పెద్ద వయసేం లేదు. ఈ పెద్దావిడ రాసిన ఉత్తరాల్లో ఆ రెండో పిల్ల గురించి ఏవో రెండు మూడు వాక్యాలున్నాయి, అవీ పనికొస్తుందా రాదా అన్న లెక్కలో. ఆ కూతురు పోయినప్పుడు ఓదార్పు ఉత్తరం వెళ్ళింది. రెండో పిల్ల ఏం పోగొట్టుకుందో ఎవరూ రాయలేదు. నాకు నచ్చిన ఆడమనిషి మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం కూడా పేపర్‌లో పెట్టాలనుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి లాండ్రీ మెషీన్ దగ్గర అంకుల్ వాళ్ళావిడ, ఆంటీ, నిలబడి ఏడుస్తున్నారు. మెషీన్ మా బేస్‌మెంట్‌లో ఉండేది, పైవాళ్ళూ అక్కడే బట్టలు ఉతుక్కునేవారు. అంకుల్ వాళ్ళ అక్కయ్య కరీంనగర్‌లో పోయారట. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే ఆయన్ని పెంచారు. అక్కడ అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఎంత తొందరగా బయల్దేరినా చివరిచూపు దక్కదు.

"పొద్దటి నుంచి ఏం తినలేదు. మాట్లాడుతలేడు. గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు," అన్నారు ఆంటీ.

మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. నేను అన్నం వండి, పప్పు చేసి, మజ్జిగ కలిపాను. గిన్నెలు పట్టుకుని మెట్లెక్కుతుంటే నిజామాబాద్ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "తింటడో తినడో అక్కా. అవమానం అయితది." ఆ అమ్మాయి ఏం చెప్పాలనుకుందో నాకు తెలుసు. ఊళ్ళో ఎక్కడ అన్న ప్రశ్న ఆ అమ్మాయి కూడా విన్నది.

"తినకపోతే గిన్నెలు వెనక్కి తెచ్చుకుంటాను," అన్నాను.

అంకుల్ సోఫా మీద లేరు, కింద కార్పెట్ మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. నేనూ కిందే కూర్చున్నాను.

"అక్కయ్య గారు పోయారని ఆంటీ చెప్పారు. చాలా బాధగా ఉంది అంకుల్," అన్నాను.

ఆయన అక్కయ్య గురించి మొదలుపెట్టారు. తనని చంకనేసుకుని స్కూల్‌కి దింపేదనీ, తను అమెరికా వెళ్ళేటప్పుడు పచ్చడి జాడీ పెట్టెలో పట్టకపోతే బట్టలు తీసేసి జాడీ పెట్టిందనీ చెప్పారు. చెబుతూ చెబుతూ ఏడ్చారు. ఏడ్చాక ముఖం తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు చూశారు.

"మరి ఆ కంప్లైంట్ వాపస్ తీసుకుంటవా?"

అడగడానికి అది సమయం కాదు. కానీ ఆ మనిషి అడిగేశారు. నేనూ చెప్పాల్సింది చెప్పేశాను.

"కంప్లైంట్ కాదు అంకుల్, ఉన్నమాట. వెనక్కి తీసుకోను. మీటింగ్‌లో మీరు వాళ్ళతో కలిసి తలూపడం నాకు నచ్చలేదు. అదీ మర్చిపోలేదు. అక్కయ్య గారి సంగతి విని నాకు కడుపు తరుక్కుపోయింది. అదీ అబద్ధం కాదు. అన్నం మాత్రం తినండి."

ఆంటీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అంకుల్ గిన్నె వైపు చూశారు. దగ్గరికి లాక్కున్నారు. పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు.

గిన్నె ఖాళీ చేశారు.

కొన్నాళ్ళకి టౌన్ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. టేపుతో కిటికీ కొలిచి, పొగ అలారాలు చూసి, చెయ్యాల్సినవి రాసిచ్చి వెళ్ళాడు. ఎవరినీ ఖాళీ చెయ్యమనలేదు. ఎవరి వీసా సంగతీ అడగలేదు. మంచు కరిగి నేల కాస్త మెత్తబడగానే పనివాళ్ళు వచ్చి గోడ కోసి పెద్ద కిటికీ పెట్టారు. బేస్‌మెంట్‌లోకి మొదటిసారి ఎండ వచ్చింది. పిల్లలు వీడియో తీసి ఇంటికి పంపుకున్నారు. పనివాళ్ళున్నన్ని రోజులూ అంకుల్ వాళ్ళ పక్కనే నిలబడి, "మంచిగ చెయ్యండి, తర్వాత నాకు మాట రావద్దు," అని ఇంగ్లిష్‌లో సతాయిస్తూనే ఉన్నారు. ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను తిరిగి గ్రూప్‌లో చేర్చనూ లేదు.

పేపర్ చదివే రోజు ఆంటీ తనూ వస్తానన్నారు. నేను ఆశ్చర్యపోయాను. "అంకుల్‌కి తెలుసా?" అంటే, "అన్నీ ఆయనకి చెప్పి చేయాల్నా?" అన్నారు. వెనక వరసలో శాలువా కప్పుకుని కూర్చున్నారు. నేను చదివాను. ఓదార్పూ తగాదా ఒకే కాగితం మీద ఎలా ఇమిడాయో చెప్పాను. ఆ బానిస పిల్లకి ఎవరూ రాయని ఉత్తరం గురించీ చెప్పాను. ఆ ఇద్దరు గొప్పవాళ్ళూ ఆ పిల్ల బానిసత్వం గురించి ఒకరినొకరు నిలదీసుకోలేదనీ, అంత ధైర్యంగా మాట్లాడిన ఆవిడ కూడా అక్కడ నోరు మెదపలేదనీ అన్నాను.

చివర్లో ఒక పెద్దాయన లేచారు. "ఓదార్పు ఉత్తరంలో రాజకీయం తీసుకురాకుండా ఉంటే ఆవిడకి ఇంకా గౌరవంగా ఉండేదేమో?" అన్నారు.

"నోరు మూసుకుంటే ఇచ్చే గౌరవం ఆవిడకి అక్కర్లేకపోయింది. నాకూ అక్కర్లేదు," అన్నాను. "ఆయన ఒక మాట కలిపితే అది మనసు విప్పడం, ఆవిడ జవాబిస్తే అది మర్యాద తప్పడం ఎలా అవుతుంది?"

కొందరు నవ్వారు. ఆయనా నవ్వారు గానీ ఒప్పుకోలేదు. మా ప్రొఫెసర్ మాత్రం బయటికి వచ్చాక, "ఆ రెండో పిల్ల దగ్గర నువ్వు ఆగిన చోటు నేను ఎన్నిసార్లు చదివానో. ఎప్పుడూ ఆగలేదు," అన్నారు. ఆ మాటకి థాంక్స్ చెప్పాను.

సాయంత్రం ట్రైన్ ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళతో కిక్కిరిసిపోయింది. మాకు ఎదురెదురు సీట్లు దొరికాయి. కొంతదూరం వెళ్ళాక ఆంటీ అడిగారు.

"ఆమె మళ్ళ ఎప్పుడన్న రాసిందా ఆయనకి?"

"చాలా ఏళ్ళ తర్వాత ఆ మొగవాళ్ళిద్దరూ మళ్ళీ ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు ఆంటీ. అప్పుడు మొగుడి ఉత్తరం అడుగున నాలుగు ముక్కలు రాసింది."

"సారీ చెప్పిందా?"

"లేదు."

"మంచి పని చేసింది," అన్నారు ఆంటీ. అని, శాలువా సర్దుకుని కిటికీ వైపు తిరిగారు. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

మిల్టన్‌లో దిగితే అంకుల్ వేరే పెట్టెలోంచి దిగి కనిపించారు. పొద్దున కారు స్టేషన్‌లోనే పెట్టి వెళ్ళినట్టున్నారు. భార్యని అక్కడ చూసి తెల్లబోయారు.

"నువ్వేంది ఇక్కడ? ఏదన్న మీటింగా?"

"మీటింగ్ కాదు, పేపర్," అన్నారు ఆంటీ. "నీ గురించి కాదులే, భయపడకు."

ఆయన నా వైపు చూడకుండానే కారు వెనక తలుపు లాక్ తీసి, "ఎక్కు," అన్నారు. ఎక్కాను.

డిగ్రీ అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. అంకుల్ నన్ను క్షమించలేదు, నేను అడగనూ లేదు. ఇప్పుడు వేరే ఊళ్ళో పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసులో పనిచేస్తున్నాను. రోజూ ఎవరెవరి ఉత్తరాలో నా చేతుల మీదుగా వెళ్తుంటాయి. ఇవి నీకు దగ్గరవేనా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట ఉంది.